మా అమ్మాయికి సైకాలజీ పుస్తకమంతా నోటికొచ్చు, మార్కులు మాత్రం 16కి 6

తెనాలి_నర్సు:

నమస్కారమండీ. ఇంగ్లండ్‌లో ఎ లెవెల్ (మన ఇంటర్ స్థాయి) చదివే పిల్లలున్నవాళ్లు, చదువు చెప్పేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త దారి చూపించండి.

మాది తెనాలి దగ్గర పల్లె. లెస్టర్‌లో నర్సుగా చేస్తున్నాను, వయసు మళ్లినవాళ్ల వార్డులో. రెండున్నరేళ్ల క్రితం వచ్చాం. పాప అక్కడ తొమ్మిది పూర్తిచేసి ఇక్కడ ఇయర్ 10లో చేరింది. జీసీఎస్ఈలో (మన పదోతరగతి లాంటి పరీక్ష, అన్నిటికంటే పై గ్రేడు 9) మ్యాథ్స్‌కి 8, సైన్స్‌కి 7, 7, ఇంగ్లిష్ లాంగ్వేజ్‌కి 5. వచ్చి రెండేళ్లకే కదా, 5 అంటే నాకు గొప్పే అనిపించింది.

ఇప్పుడు సిక్స్త్ ఫామ్ కాలేజీలో ఇయర్ 12. మన ఇంటర్ కాలేజీలాంటిదే అనుకున్నాను. ఎక్కడండీ పోలిక! మూడంటే మూడే సబ్జెక్టులు, ఒక్కోదానికి వారానికి నాలుగైదు గంటల క్లాసులు. మిగతా టైమంతా 'ఫ్రీ పీరియడ్' అంటుంది. స్టడీ అవర్లు లేవు, యూనిఫామ్ లేదు. మెడలో ఐడీ కార్డు ఒక్కటే. లెక్చరర్లను పేరు పెట్టి పిలుస్తుంది! మొదటి నెల నాకు ఇదే మింగుడుపడలేదు.

బయాలజీ, కెమిస్ట్రీ, సైకాలజీ తీసుకుంది. సైకాలజీ తన ఇష్టం. మా ఆయన మూడోది మ్యాథ్స్ తీసుకోమన్నారు, వినలేదు. సరే పోనీలే అన్నాను.

క్రిస్మస్ ముందు మాక్, అంటే నమూనా పరీక్ష పెట్టారు. బౌల్బీ అనే ఆయన సిద్ధాంతం మీద 16 మార్కుల ఎస్సే. తల్లి నుంచి బిడ్డ విడిపోతే ఏమవుతుందో చెప్పే సిద్ధాంతమట. మా పిల్ల మూడు పేజీలు రాసింది. నేను చదివాను, ఒక్క అంకె కూడా తప్పు లేదు. 44 మంది దొంగపిల్లలు, వాళ్లలో 14 మంది ప్రేమా జాలీ తెలియనివాళ్లు, ఆ 14లో 12 మంది చిన్నప్పుడు తల్లికి దూరమైనవాళ్లు... అన్నీ అప్పజెప్పింది. 16కి 6 వేశారు. పక్కన ఆకుపచ్చ పెన్నుతో 'ఏఓ3 ఏదీ?' అని రాసిపెట్టారు. అంతే.

చదవకుండా కూర్చున్న పిల్లకి వచ్చే 6 కాదండీ ఇది, తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివిన పిల్లకి వచ్చిన 6. ఆ రాత్రంతా ఏడ్చింది. సబ్జెక్టు మార్చుకోవడానికి గడువు అక్టోబర్‌లోనే అయిపోయిందన్నారు.

ఇంకొక మాట రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. ఆ చాప్టర్ చదివిన రోజు వంటింట్లోకి వచ్చి, "అమ్మా, నువ్వు సౌదీ వెళ్లినప్పుడు నాకెన్ని నెలలు?" అనడిగింది. ఏళ్లు కాదు, నెలలు. పద్దెనిమిది అన్నాను. పుస్తకం అంచున పెన్సిల్‌తో 18 అని రాసుకుని వెళ్లిపోయింది. మూడేళ్లు మా అమ్మ దగ్గర పెరిగింది. ఆ బౌల్బీ సిద్ధాంతంలో మొదటి రెండున్నరేళ్లు కీలకమని ఉందట. ఇంతకీ ఈ సబ్జెక్టు మా పిల్లకి మంచి చేస్తుందా, లేక లేనిపోనివి తలకెక్కిస్తుందా?

హౌన్స్‌లో_బాబాయ్:

చెల్లెమ్మా, ముక్కుసూటిగా చెబుతున్నా, ఏమీ అనుకోకు. సైకాలజీ దండగ. మనవాళ్లకి ఎంపీసీ, బైపీసీ, అంతే. ఇక్కడైనా అక్కడైనా లెక్కలొస్తే బతుకుతారు. మా ఆఫీసులో సైకాలజీ డిగ్రీ చేసినమ్మాయి హెచ్ఆర్‌లో సెలవులు లెక్కపెడుతోంది. ఊళ్లో మా నాన్నకి చెబితే "ఎర్రగడ్డలో ఉద్యోగమా?" అంటాడు. పైగా పెద్ద యూనివర్సిటీల జాబితా ఒకటుంది, వాళ్లు మెచ్చే సబ్జెక్టులవి. అందులో సైకాలజీ లేదు. చూసుకో.

ఇయర్ 12 మళ్లీ మొదటినుంచి చదివించు. ఏడాది పోతే పోయింది.

సుద్దముక్క:

తెనాలి నర్సు గారూ, నేను ఇక్కడ సిక్స్త్ ఫామ్ కాలేజీలో పన్నెండేళ్లుగా సైకాలజీ చెబుతున్నాను. హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ, ఇక్కడ పీజీసీఈ (టీచర్ ట్రైనింగ్). ఇలాంటి 6 మార్కుల పేపర్లు నా బల్ల మీద ఏటా ఓ కట్ట ఉంటాయి. మనవైపు నుంచి వచ్చిన పిల్లలవే కాదు, లాగోస్ నుంచి వచ్చినవాళ్లవీ, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లవీ ఉంటాయి.

ముందు బాబాయ్ గారికి ఒక్క మాట. మీరు చెప్పిన జాబితా నిజమే, కానీ దాన్ని పెట్టిన రస్సెల్ గ్రూప్ (పెద్ద యూనివర్సిటీల సంఘం) వాళ్లే 2019లో ఎత్తేశారు. ఇంగ్లండ్‌లో ఎ లెవెల్‌కి మ్యాథ్స్ తర్వాత ఎక్కువమంది రాస్తున్నది సైకాలజీనే. పాప ఒకవేళ మెడిసిన్ అనుకుంటే చాలా కాలేజీలకు కెమిస్ట్రీ, బయాలజీ ముఖ్యం. అవి రెండూ ఉన్నాయి, మూడోదిగా సైకాలజీని చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఏ కాలేజీకి వెళ్లాలనుకుంటుందో దాని పేజీలో ఒకసారి సరిచూసుకోండి. ఏడాది వృథా చేయాల్సిన పని నాకైతే కనబడలేదు.

ఇక అసలు సంగతి. మీ పాపకి ఏమీ రాక 6 రాలేదు. 16 మార్కుల్లో చెప్పినదాన్ని చెప్పినట్టు రాసినందుకు ఉన్నవే 6. దాన్నే ఏఓ1 అంటారు. మిగతా 10 ఏఓ3వి, అంటే ఆ చెప్పినదాన్ని నమ్మొచ్చా, ఎంతవరకు నమ్మొచ్చు అని తూచినందుకు. (నిజానికి పరీక్షకులు 6, 10 విడివిడిగా వేసి కూడరు. జవాబంతా చదివి నాలుగు మెట్లలో ఏ మెట్టో చూసి మార్కు వేస్తారు. కానీ పిల్లలకి అర్థమవడానికి 6, 10 లెక్కే మేలు.) మీ పాప మూడు పేజీలూ ఆ 6 కోసమే ఖర్చుపెట్టింది. మూడు పేజీల ఏఓ1కైనా, ముప్పావు పేజీ ఏఓ1కైనా దక్కేవి అవే.

టైమ్ లెక్క కూడా చెబుతాను, మ్యాథ్స్‌లో 8 వచ్చిన పిల్ల కదా. ఎక్యూఏ బోర్డు అయితే మూడు పేపర్లు, ఒక్కోటి 2 గంటలు, 96 మార్కులు. అంటే మార్కుకి నిమిషంపావు. 16 మార్కులకి 20 నిమిషాలు. అందులో ఏడెనిమిది నిమిషాలు సిద్ధాంతానికి, మిగతా పన్నెండు దాంతో పోట్లాడటానికి. మీ పాప పోట్లాటకి రాకుండానే గంట కొట్టేశారు.

బట్టీ పట్టడం తప్పని నేననను. 14లో 12 అన్నది గుర్తులేనివాడు దేంతో వాదిస్తాడు? మా నాన్న నాకు ఎక్కాలు బట్టీ పట్టించారు, ఇప్పటికీ ఆ రుణం తీరలేదు. కాకపోతే మన దగ్గర బట్టీ దగ్గరే పరీక్ష ఆగిపోతుంది. ఇక్కడ పరీక్ష ఆ బట్టీ తర్వాతే మొదలవుతుంది. ఇది నాకూ ఒక్క రోజులో తెలిసి రాలేదు. ఇక్కడ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు నేను నోట్స్ చెప్పేదాన్ని, పిల్లలు రాసుకునేవాళ్లు. ఒకరోజు నా క్లాసు చూడటానికి వచ్చినావిడ గడియారం పెట్టుకుని కూర్చుంది. చివర్లో "55 నిమిషాల్లో 41 నిమిషాలు నువ్వే మాట్లాడావు" అంది. మెచ్చుకుంటోందనుకున్నాను!

మీ పాప రాసిన ఆ 44 మంది దొంగపిల్లలనే తీసుకుందాం. లండన్‌లో ఒక క్లినిక్‌కి వచ్చిన పిల్లలు వాళ్లు, 1944లో అచ్చయిన అధ్యయనం. 14లో 12 అని మీ పాప రాసింది సరే. ఇప్పుడు ఇంట్లో మీరు ఒక్క ప్రశ్న అడగాలి: ఆ పిల్లలతో మాట్లాడిందెవరు? బౌల్బీయే. వాళ్లలో ప్రేమా జాలీ లేనివాళ్లెవరో తేల్చిందెవరు? అదీ బౌల్బీయే. పాప ఇంతవరకు చెప్పగలిగితే "అయితే ఏంటి?" అనండి. మన అత్తగార్లు అనేలాగే అనండి. "అయితే ఏంటంటే, తల్లికి దూరమైనవాళ్లెవరో ముందే తెలిసినవాడు, తనకి కావాల్సిందే వాళ్లలో చూసి ఉండొచ్చు." మళ్లీ "అయితే ఏంటి?" అనండి. "అయితే ఆ 12 అంకెని పట్టుకుని సిద్ధాంతం నిలబెట్టలేం." ఇదీ ఒక ఏఓ3 పేరా. ఇలాంటివి మూడు బాగా రాస్తే పై మెట్లలోకి వెళ్తుంది. మా పిల్లలు 'పరిశోధకుడి పక్షపాతం ఉంది' అని ఒక్క వాక్యం రాసి చుక్క పెట్టేస్తారు. అది పేరు చెప్పడమే, వాదించడం కాదు. చుక్క పెట్టినచోటల్లా "అయితే ఏంటి?" అని పెన్సిల్‌తో రాయించండి.

ఇక సౌదీ సంగతి. మీ ఇంటి విషయంలో తీర్పు చెప్పడానికి నేనెవరిని? కానీ పుస్తకం ఏమంటుందో చెప్పగలను, ఎందుకంటే పాప సగం చాప్టరే చదివి ఆ 18 రాసుకుంది.

బౌల్బీ మాటల్లోనే ఎడబాటు వేరు, లోటు వేరు. తల్లి కళ్ల ముందు లేకపోవడం ఎడబాటు. ఆ చోట మనసుపెట్టి చూసుకునే ఇంకో మనిషి లేకపోవడం లోటు. ఆయన భయమంతా రెండోదాని గురించి. మీ అమ్మగారి దగ్గర పెరిగిన పిల్ల కథ ఏ గడిలోకి వస్తుందో పాపనే చెప్పమనండి.

తర్వాత గ్లాస్గోలో 60 మంది పసిపిల్లలను షాఫర్, ఎమర్సన్ అనే ఇద్దరు నెలనెలా ఇళ్లకెళ్లి చూశారు, 1964లో అచ్చయింది. బిడ్డ ఎవరికి అతుక్కుపోతుంది? ఎక్కువ గంటలు పక్కనున్నవాళ్లకే అనుకుంటాం. కాదు, ఏడుస్తే పలికేవాళ్లకి, ఆడించేవాళ్లకి. చాలామంది పిల్లలకి ఒక్కరు కాదు, తండ్రీ, అవ్వా, తాతా కూడా ఉన్నారు. మన ఉమ్మడి ఇళ్లలో పెరిగినవాళ్లకి ఇందులో కొత్తేముంది!

ఆ 'రెండున్నరేళ్లు దాటితే ఇక అంతే' అన్న మాటకి కూడా ఎదురు ఉంది. చెకోస్లోవేకియాలో కవలపిల్లలిద్దరు ఏడాదిన్నర వయసు నుంచి ఏడేళ్ల వరకు సవతితల్లి చేతిలో చీకటి గదిలో నరకం చూశారు. తర్వాత మంచి ఇంటికి వెళ్లాక కోలుకున్నారు. కొలుకోవా అనే ఆవిడ వాళ్లని ఏళ్లతరబడి గమనించి రాసింది. అందుకే 'కీలకమైన కాలం' అనే బదులు 'సున్నితమైన కాలం' అంటే సబబు అంటారు.

ఒక జాగ్రత్త. "మా అమ్మమ్మ పెంచింది, నేను బాగానే ఉన్నాను" అని పరీక్షలో రాయొద్దనండి. సొంత కథకి మార్కుల్లేవు. (కొలుకోవా చెప్పిందీ ఇద్దరు పిల్లల కథే కదా అంటారా? అనాలి! అది కూడా ఏఓ3నే.) సొంత కథ పనికొచ్చేది వాదన ఎక్కడ పుట్టాలో చెప్పడానికి. పాపకి బౌల్బీ మీద కోపమొచ్చి ఉంటే మంచిదే, ఆ కోపాన్ని పేరాలుగా విడగొట్టమనండి.

ఇయర్13_స్లౌ:

ఆంటీ, నేను ఇయర్ 13, స్లౌ దగ్గర. ఫస్ట్ టెస్ట్‌లో నాకు యూ వచ్చింది. యూ అంటే లెక్కలోకి కూడా రానిది. కాబట్టి 6 వచ్చినందుకు అక్క... అంటే మీ పాప, టెన్షన్ పడక్కర్లేదు. ఇప్పుడు నా ప్రెడిక్టెడ్ గ్రేడ్, అంటే టీచర్లు వేసిన అంచనా, ఎ.

సుద్దముక్క మేడం ఏఓ3 చెప్పారు కదా, నాకు మార్కులు పోయింది ఏఓ2లో, అంటే నేర్చుకున్నదాన్ని ఇచ్చిన కథకి అన్వయించడంలో. చిన్న కథ ఇస్తారు, ఎవరో ఒకాయన పార్కింగ్ అటెండెంట్ యూనిఫామ్ చూసి కారు తీసేశాడు అనుకోండి. 'దీన్ని వివరించండి' అంటారు. నేను, అధికారి చెబితే జనం ఎంతవరకు వింటారో చూసిన మిల్‌గ్రామ్ ప్రయోగం మొత్తం దింపేసేవాణ్ని. 40 మంది మగాళ్లు, 450 వోల్టులు, 65 శాతం... ఆ కారాయన పేరు కూడా రాయకుండా! సున్నా. ఇప్పుడు ముందు కథలో మాటల కింద గీతలు గీసుకుంటా. యూనిఫామ్ అన్నారా, అది అధికారానికి గుర్తు. ప్రతి వాక్యంలో కథలో ముక్క ఒకటి ఉండాలి.

ఇంకోటి, మ్యాథ్స్ 8 అంటే పాపకి బంగారం ఆంటీ. పేపర్ 2లో సగం మార్కులు, 96లో 48, రీసెర్చ్ మెథడ్స్‌వే, అంటే పరిశోధన ఎలా చేయాలి, లెక్కలెలా తేల్చాలి అన్నవే. నా ఫ్రెండ్స్ అందరూ అక్కడే బోల్తా కొడతారు. స్టాటిస్టిక్స్ టెస్టుల్లో సైన్ టెస్ట్ ఒక్కటే చేత్తో లెక్క కట్టాలి. మిగతావి, మాన్ విట్నీ, కై స్క్వేర్ లాంటివి, ఎప్పుడు ఏది వాడాలో తెలిస్తే చాలు. ఫలితాన్ని లెక్కలోకి తీసుకోవచ్చా అని తేల్చే గీత 0.05 అంటే ఏంటో అర్థమైతే సగం భయం పోతుంది. నేను టేబుల్ గీసి బాత్రూమ్ తలుపుకి అంటించా. మా అమ్మ పూజ గది తలుపుకి అంటించొద్దంది కాబట్టి.

చదివే పద్ధతి: హైలైటర్లు పారేయమనండి. పుస్తకం మూసి తెల్ల కాగితం మీద గుర్తున్నది రాయడం, తర్వాత తెరిచి మర్చిపోయినవి ఎర్ర పెన్నుతో నింపడం. ఎర్ర రంగు తగ్గేవరకు. ఇంతే నేను చేసింది.

తెనాలి_నర్సు:

సుద్దముక్క గారూ, మీ జవాబు నైట్ డ్యూటీ బ్రేక్‌లో చదివాను, రెండుసార్లు. ఎడబాటు, లోటు అన్నచోట కొంచెం సేపు ఆగాల్సొచ్చింది. థ్యాంక్సండీ. స్లౌ బాబూ, నువ్వు కూడా. బాత్రూమ్ తలుపు ఐడియా మా ఆయనకి నచ్చలేదు, పాపకి నచ్చింది.

బాబాయ్ గారూ, మీ మాట మా ఆయన మాటే. నేనేమీ అనుకోలేదు.

ఒక సందేహం. మెమరీ చాప్టర్ మొదలైందట. దీర్ఘకాలపు జ్ఞాపకం మూడు రకాలు అని చదువుతోంది, పేర్లు నోటికి తిరగక తిట్టుకుంటోంది. ఇది కూడా అలాగే బట్టీయేనా, ఇక్కడా పోట్లాట ఉందా?

సుద్దముక్క:

ఇక్కడ మీరే టీచరు, నేను కాదు. వయసు మళ్లినవాళ్ల వార్డు అన్నారు కదా.

మూడు రకాలు: జరిగిన సంఘటనల జ్ఞాపకం, తెలిసిన సంగతుల జ్ఞాపకం, చేతికి అలవాటైన పనుల జ్ఞాపకం. ఎపిసోడిక్, సిమాంటిక్, ప్రొసీజరల్. టల్వింగ్ అనే సైకాలజిస్ట్ చేసిన విభజన. సాక్ష్యంగా క్లైవ్ వేరింగ్‌ని చెబుతారు. ఇంగ్లండ్‌లో పేరున్న సంగీతకారుడు, 1985లో మెదడుకి వైరస్ సోకి జ్ఞాపకశక్తి దెబ్బతింది. నిమిషం క్రితం జరిగింది గుర్తుండదు. భార్య గదిలోంచి బయటికెళ్లి తిరిగొస్తే ఏళ్ల తర్వాత చూసినట్టు కావలించుకునేవాడు. కానీ పియానో ముందు కూర్చుంటే వేళ్లు వాటంతటవే కదిలేవి. ఒకటి పోయి ఇంకొకటి మిగిలిందంటే రెండూ వేర్వేరు అరలు అయ్యుండాలి. అదీ వాదన.

మీ వార్డులో ఇలాంటిది మీరు చూసే ఉంటారు. పేర్లూ ఊర్లూ చెప్పకుండా పాపకి చెప్పండి. అప్పుడు "అయితే ఏంటి?" పాప మిమ్మల్ని అడుగుతుంది. పోట్లాట ఎక్కడంటే: వేరింగ్‌కి జబ్బు రాకముందు జ్ఞాపకం ఎలా ఉండేదో ఎవరూ కొలవలేదు. దెబ్బతిన్న మెదడు ఒక్కటి చూసి అందరి మెదడూ ఇంతేనని చెప్పొచ్చా?

హౌన్స్‌లో_బాబాయ్:

సరే సుద్దముక్క గారూ, జాబితా ఎత్తేశారంటే ఒప్పుకుంటున్నా. మరి ఉద్యోగం? చెప్పండి. దండగ అన్న మాట ఇంకా వెనక్కి తీసుకోలేదు.

సుద్దముక్క:

ఉద్యోగం ఎ లెవెల్‌తో రాదు, డిగ్రీతో కూడా చాలామందికి నేరుగా రాదు. ఇది దాచిపెట్టి పిల్లల్ని చేర్చుకునే కాలేజీలంటే నాకూ మంటే. దారి పొడుగు: బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తింపున్న డిగ్రీ, తర్వాత ఆసుపత్రుల్లోనో ఇంకెక్కడో అనుభవం, ఆ తర్వాత క్లినికల్ సైకాలజీ డాక్టరేట్ మూడేళ్లు. ఆ మూడేళ్లూ ఎన్‌హెచ్ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సంస్థ) జీతమిచ్చి చదివిస్తుంది, అందుకే సీటు కోసం పోటీ విపరీతం. ఇక్కడ వింతేమిటంటే 'సైకాలజిస్ట్' అని బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు, చట్టం అడ్డురాదు. 'క్లినికల్ సైకాలజిస్ట్' అని పెట్టుకోవాలంటే మాత్రం హెచ్‌సీపీసీ అనే వృత్తి నియంత్రణ సంస్థలో పేరు నమోదై ఉండాలి.

అందరూ అటే వెళ్లరు. హెచ్ఆర్‌లో సెలవులు లెక్కపెడుతున్న ఆ అమ్మాయికి జీతం వస్తోందిగా బాబాయ్ గారూ?

తెనాలి_నర్సు:

నెలయింది, ఏమైందో చెప్పకపోతే బాగోదని రాస్తున్నాను.

"అయితే ఏంటి?" మా ఇంట్లో పెద్ద గోలైంది. నేను కూర తాలింపు వేస్తూ అడగడం, తను గుమ్మంలో నిలబడి చెప్పడం. మూడో రోజుకి తనే నన్ను అనడం మొదలుపెట్టింది. "ఈ ఆదివారం గుడికి వెళ్లాలి" అంటే "అయితే ఏంటి?" మా ఆయన సుద్దముక్క గారి అడ్రస్ కావాలంటున్నారు.

మా వార్డులో ఒక పెద్దావిడ ఉండేది. ఒకప్పుడు ఇక్కడి బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసిందట. కొడుకు వస్తే "ఎవరు నాయనా" అన్నట్టు చూసేది. కానీ దుప్పటి అంచు చేతికి దొరికితే చాలు, బొటనవేలితో మడత సరిచేస్తూ, లేని సూదితో టాకాలు వేస్తూ కూర్చునేది. అన్నీ సమానంగా, ఒక్క కుట్టు కూడా వంకర పోకుండా. రోజూ చూస్తూ నేను మందులిచ్చి వెళ్లిపోయేదాన్ని. పాపకి ఇది చెబితే నోరు తెరుచుకుని విని "అమ్మా, ఇది ప్రొసీజరల్" అంది. ఆ మూడు పేర్లు మళ్లీ తప్పలేదు.

బౌల్బీ ఎస్సే మళ్లీ రాయించారు. ఈసారి పేజీన్నరే. 16కి 10. కొలుకోవా కవలల గురించి రాసినచోట ఆకుపచ్చ పెన్నుతో టిక్కు. చివరి పేరా తొందరలో తెగిపోయింది, ఇంకా టైమ్ చూసుకోవడం రావాలన్నారు. 10 అంటే గొప్పేం కాదని తెలుసు. నేను మాత్రం ఆ రోజు పాయసం చేశాను.

ఇంకొకటి. పోయిన ఆదివారం మా అమ్మకి వీడియో కాల్ చేసి, నేను సౌదీ నుంచి తిరిగొచ్చిన రోజు తనెలా ఉందో అడిగింది. నేను పక్కనే ఉన్నాను. మా అమ్మ దాచదు కదా, అంతా చెప్పేసింది. నాలుగు రోజులు నా దగ్గరికి రాలేదంట. మా అమ్మ చీర కొంగు వెనకాల దాక్కుని నన్ను 'ఆంటీ' అందంట. నేను తెచ్చిన బొమ్మ మాత్రం తీసుకుందంట. ఇవన్నీ నాకు తెలియనివి కావు, కానీ పిల్ల ముందు ఎప్పుడూ అనుకోలేదు.

ఫోన్ పెట్టేశాక పాప ఏదో కాగితం తీసి గీసింది. ఎయిన్స్‌వర్త్ అనే ఆవిడ ప్రయోగం ఉందట. గదిలో తల్లి, బిడ్డ, తెలియని మనిషి ఉంటారు. తల్లి బయటికెళ్తే బిడ్డ ఏం చేస్తుంది, తిరిగొస్తే ఏం చేస్తుంది అని చూస్తారు. తల్లి అని ఉన్న గడిలో 'అమ్మమ్మ' అని రాసింది. తెలియని మనిషి గడిలో 'అమ్మ' అని రాసి, నా వైపు చూసి, "నాలుగు రోజుల తర్వాత గడి మారిందిగా అమ్మా, అది ఎయిన్స్‌వర్త్ కొలవలేదు" అంది.

నేనేమీ అనలేకపోయాను. "అయితే ఏంటి?" అని తనే అనేసి, నా టిఫిన్ బాక్సులో ఏం పెట్టాలని అడిగింది. నాకు ఆ రాత్రి డ్యూటీ ఉంది మరి.